పేరా, లేబులా, వంటకమా, మిషనా: దేనికి ఏ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి

ముందు ఒక ప్రశ్నకి జవాబు చెప్పుకోండి. రేపు ఎవడో మిమ్మల్ని కాపీ కొట్టాడనుకుందాం, వాడు మీ దగ్గర్నుంచి ఎత్తుకుపోయేది ఏంటి? బోర్డు మీది పేరా, డబ్బా మీది బొమ్మా, మీరు తీసిన వీడియోనా, మసాలా కలిపే లెక్కా, మీ షెడ్డులో మీరే తయారుచేసిన మిషనా? ఇది తేల్చుకోకుండా "అన్నా, మా బ్రాండుకి పేటెంట్ చేయించాలి, ఎంతవుద్ది?" అని అడిగేవాళ్ళే నాకు ఎక్కువ తగులుతుంటారు. నెల్లూరులో లేబుళ్ళు, ప్యాకింగ్ కవర్లు డిజైన్ చేసి ప్రింటు వేయించే పని నాది. పచ్చళ్ళవాళ్ళు, స్వీట్లవాళ్ళు, రైసు మిల్లులవాళ్ళు, రొయ్యల మేత అమ్మేవాళ్ళు కావలి నుంచి, కందుకూరు నుంచి, ఒంగోలు నుంచి కూడా వస్తుంటారు. పక్కోడి డబ్బా ఫోటో ఫోన్లో చూపించి "ఇట్లాంటిదే, పేర్లో ఒక్క అక్షరం మార్చి వెయ్యన్నా" అనేవాళ్ళూ వస్తారు, "మా డబ్బా కాపీ కొట్టేశారన్నా" అని మొత్తుకునేవాళ్ళూ వస్తారు. కొన్నిసార్లు ఆ ఇద్దరూ ఒక్క మనిషే.

బ్రాండుకి పేటెంట్ అనేది ఉండదు. పేరుకి ట్రేడ్‌మార్క్, రాతకీ బొమ్మకీ పాటకీ వీడియోకీ కాపీరైట్, వస్తువు రూపానికి డిజైన్ రిజిస్ట్రేషన్, కొత్తగా కనిపెట్టిన పనితనానికి పేటెంట్, ఊరి పేరుతో వచ్చిన ప్రతిష్ఠకి జీఐ (భౌగోళిక గుర్తింపు), బయటికి చెప్పకూడని లెక్కకి ఏ రిజిస్ట్రేషనూ లేదు, గుట్టు ఒక్కటే దారి. ఈ ఆరింటిలో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల చిన్న వ్యాపారుల్లో చాలామందికి ముందు కావాల్సింది ఒక్కటే, పేరుకి ట్రేడ్‌మార్క్. రెండోది, లోగో వేసినవాడి దగ్గర ఒక కాగితం మీద సంతకం. మిగతావి అవసరాన్నిబట్టి. ఇది నా అభిప్రాయం, ఎందుకో కింద చెప్తాను. నేను రాసే ఫీజులు ఆన్‌లైన్లో కట్టే ప్రభుత్వ ఫీజులు మాత్రమే, ఏజెంటుకో లాయరుకో ఇచ్చేది వేరే.

పేరు విషయం

జీఎస్టీ నంబరు వచ్చింది, ఉద్యం (చిన్న సంస్థల నమోదు) సర్టిఫికెట్ వచ్చింది, ఫుడ్ లైసెన్సు వచ్చింది, కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు కూడా వచ్చింది కాబట్టి పేరు మాదే అనుకుంటారు. వాటిలో ఏ ఒక్కటీ మీకు పేరు మీద హక్కు ఇవ్వదు. చివరికి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టినా అంతే, కంపెనీ పేరు రిజిస్టర్ కావడం వేరు, ఆ పేరుతో సరుకు అమ్ముకునే హక్కు వేరు. వెబ్‌సైటు అడ్రసు కొనుక్కున్నా, ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ పేరు ముందుగా పట్టుకున్నా కూడా ఇదే మాట.

ట్రేడ్‌మార్క్ 1999 నాటి చట్టం కింద వస్తుంది. ఒక్క మనిషి పేరు మీద వేసినా, ఉద్యం ఉన్న చిన్న సంస్థ వేసినా, స్టార్టప్ వేసినా ఒక్కో క్లాసుకి 4,500 రూపాయలు, మిగతావాళ్ళకి 9,000. రిజిస్టర్ అయితే పదేళ్ళు, ఆ తర్వాత పదేళ్ళకొకసారి రెన్యువల్ చేసుకుంటూ పోతే తరతరాలు. పేటెంటుకైనా డిజైనుకైనా ఒక రోజు గడువు అయిపోతుంది, దీనికి ఆ ముగింపు లేదు. అందుకే నా ఓటు ముందు దీనికే.

క్లాసు అంటే ఏంటంటే, సరుకులూ సేవలూ కలిపి 45 రకాలుగా విడగొట్టారు. భూమికి సర్వే నంబరు ఎట్లాగో దీనికి క్లాసు అట్లా, మీ పట్టా ఆ నంబరు వరకే. పచ్చళ్ళు 29లోకి వస్తాయి, కారప్పొడులు, స్వీట్లు, బియ్యం 30లోకి, హోటల్ 43లోకి, చీరలు 25లోకి, రొయ్యల మేత 31లోకి. పచ్చళ్ళూ పొడులూ రెండూ అమ్మేవాళ్ళు 29, 30 రెండూ వేయాలి, అంటే 9,000. హోటల్ పెట్టి, అదే పేరుతో డబ్బా పచ్చడి కూడా అమ్ముదామనుకునేవాళ్ళు 43 ఒక్కటే వేసి ఊరుకుంటారు, డబ్బా పేరు ఇంకొకడు తీసుకెళ్ళినప్పుడు తెలిసొస్తుంది.

ఏ పేరు దొరుకుతుంది, ఏది దొరకదు అనేది ఇంకో పెద్ద కథ. "నెల్లూరు చేపల పులుసు" అనే పేరు నీ ఒక్కడికే ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు, ఊరి పేరూ వంట పేరూ అందరివి. "మలై కాజా" కూడా అంతే. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ అనేది రాయికి వ్యాపారంలో అందరూ వాడే పేరు, ఒక ఫ్యాక్టరీ దాన్ని తన బ్రాండుగా పట్టుకోలేదు. "రుచి", "హోమ్ ఫుడ్స్", "స్వగృహ", "అమ్మ చేతి" లాంటి మాటలు నామకరణం చేసేటప్పుడు బాగానే ఉంటాయి, కొట్లాటకి దిగినప్పుడు పనికిరావు. దేవుడి పేర్లు మనవాళ్ళకి ఇష్టం, రంగనాథుడూ రాజరాజేశ్వరీ వెంకటేశ్వరుడూ లేని బజారు ఉండదు, కానీ వాటి మీద ఒక్కరికే హక్కు అంటే కష్టం. అగరుబత్తీలకి "రామాయణ్" అని పేరు పెట్టుకుని అది నాదే అన్న కేసులో, పవిత్ర గ్రంథం పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదని సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. పచ్చళ్ళకి "గాలిపటం" అని పెట్టారనుకోండి, పచ్చడికీ గాలిపటానికీ ఏ సంబంధమూ లేదు, అదే దాని బలం. సరుకు గురించి ఏమీ చెప్పని పేరే కోర్టులో గట్టిగా నిలబడుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను మొహమాటం లేకుండా చెప్పేది ఇదే, ఇంకా ప్రింటుకి పోలేదు కాబట్టి పేరు మార్చుకోండి.

పదాన్ని మామూలు అక్షరాల్లో రిజిస్టర్ చేయించాలా, రంగురంగుల లోగోతో కలిపి చేయించాలా అని అడుగుతారు. ఒక్కదానికే డబ్బులుంటే పదానికి. లోగో రెండేళ్ళకోసారి మారుస్తారు (మార్చమని చెప్పేది మాలాంటోళ్ళమే), పదం మారదు, ఎవడు ఏ అక్షరాల్లో రాసినా ఆ పదం మీద మీకు పట్టు ఉంటుంది. అయితే మీ పేరు మరీ మామూలు మాటైతే పదం ఒక్కటే పోతే అభ్యంతరం వస్తుంది, అప్పుడు బొమ్మతో కలిపి వేయడం తప్ప గతి లేదు. అట్లా వచ్చిన దానితో ఆ బొమ్మ మొత్తాన్ని కాపాడుకోగలరు గానీ, అందులోని మామూలు మాట మీద మాత్రం పట్టు చిక్కదు. తెలుగు లిపిలో వేస్తే దాని ఉచ్చారణా అర్థమూ ఇంగ్లీషులోనో హిందీలోనో రాసి ఇవ్వాలి, అదేం పెద్ద పని కాదు.

దరఖాస్తు వేయకముందు ప్రభుత్వ ఐపీ ఇండియా వెబ్‌సైట్లో ఆ పేరు ఇప్పటికే ఉందా అని ఉచితంగా వెతుక్కోవచ్చు. స్పెల్లింగు ఒక్కటే చూసి వదలకండి, పలికితే ఒకేలా వినపడేవి కూడా చూడండి, అందులో దానికి వేరే ఆప్షన్ ఉంది. ఆంధ్రాకి సంబంధించిన ట్రేడ్‌మార్క్ ఆఫీసు చెన్నైలో ఉంది, కానీ అంతా ఆన్‌లైనే. వాళ్ళు పరిశీలించి అభ్యంతరం చెప్తే 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే దరఖాస్తు వదిలేసినట్టే లెక్క. ఒప్పుకుంటే జర్నల్లో వేస్తారు, ఆ తర్వాత 4 నెలల దాకా ఎవరైనా అడ్డు చెప్పొచ్చు. ఎంత తొందరపడినా ఆ 4 నెలలు తగ్గవు, కానీ రిజిస్ట్రేషన్ వచ్చాక హక్కు దరఖాస్తు వేసిన రోజు నుంచి లెక్కకొస్తుంది. దరఖాస్తు వేయకపోయినా టీఎం అని పక్కన వేసుకోవచ్చు, గుండ్రం లోపల ఆర్ మాత్రం రిజిస్టర్ కాకుండా వేయకూడదు, అది చట్టవిరుద్ధం. మా దగ్గర రోజూ అడుగుతారు అది పెట్టమని, నేను పెట్టను.

రిజిస్టర్ చేయించకపోతే హక్కే లేదా అంటే, ఉంది. తిరునల్వేలి ఇరుట్టుకడై హల్వా పేరు మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2015లో, ముందు నుంచి వాడుతున్నవాడి హక్కు రిజిస్ట్రేషన్ కన్నా పైదని చెప్పింది. కాబట్టి మీ నాయన 1985 నుంచి ఆ పేరుతో అంగడి నడిపి ఉంటే, నిన్న రిజిస్టర్ చేయించుకున్నవాడు వచ్చి బోర్డు దించమనలేడు. కానీ అప్పుడు అన్ని సంవత్సరాల వాడకమూ, జనంలో మీకున్న పేరూ మీరే రుజువు చేసుకోవాలి, పాత బిల్లులూ పేపరు ప్రకటనలూ వెతుక్కుంటూ. రిజిస్ట్రేషన్ ఉంటే ఆ మోత తగ్గుతుంది, పైగా ఎదుటివాడు హైదరాబాదులో ఉన్నా మీరు వ్యాపారం చేసే చోటి కోర్టులోనే కేసు వేసుకునే వీలుంటుంది.

ఇక్కడే ఇంకో మాట. అన్నదమ్ముల మధ్య. నాయన పెట్టిన హోటలో బట్టల కొట్టో, ముగ్గురు కొడుకులు, ముగ్గురూ మూడు సెంటర్లలో అదే పేరుతో బోర్డు పెట్టుకుంటారు, బాగున్నంత కాలం బాగానే ఉంటుంది. ఒకరోజు చిన్నోడు తన ఒక్కడి పేరు మీద ట్రేడ్‌మార్క్ వేస్తాడు. బయటివాళ్ళ కాపీల కన్నా మన ఊళ్ళలో ఈ రకం తగాదాలే చేదుగా ఉంటాయి. ఎవరి పేరు మీద వేయాలనేది ఫీజు కట్టే రోజు కాదు, ఇంట్లో అందరూ కూర్చుని ముందే తేల్చుకోవాల్సిన సంగతి. పార్ట్‌నర్‌షిప్ అయితే విడిపోతే పేరు ఎవరికి అనేది డీడ్‌లో రాయించండి. ఆడిటర్ తయారుగా పెట్టుకున్న నమూనా డీడ్‌లో ఆ వాక్యం ఉందో లేదో సంతకం పెట్టకముందే చదివి చూసుకోండి.

లోగో, లేబుల్, ఫోటో, పాట

కాపీరైట్ పుట్టగానే వచ్చేస్తుంది, రాసిన క్షణంలో, గీసిన క్షణంలో. 1957 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినవాళ్ళు బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. కావాలంటే 500 రూపాయలు కట్టి కథో కవితో బొమ్మో రిజిస్టర్ చేయించుకోవచ్చు, కోర్టులో అది మొదటి సాక్ష్యంగా పనికొస్తుంది. సరుకు మీద వేసే లేబుల్ బొమ్మకైతే ఫీజు 2,000, దానికి ట్రేడ్‌మార్క్ ఆఫీసు నుంచి ఇట్లాంటి మార్కు లేదని సర్టిఫికెట్ కూడా తేవాలి, ఆ సర్టిఫికెట్‌కి మళ్ళీ వేరే ఫీజు. ఇంత తిరుగుడు ఎందుకు, లేబుల్ కాపీ అవుతుందని భయముంటే ఆ లేబుల్‌నే బొమ్మ మార్కుగా ట్రేడ్‌మార్క్ వేయడం నయం అంటాను నేను. కాపీరైట్ ఎట్లాగూ మీ వెనక ఉండనే ఉంటుంది.

మీ వెనక ఉంటుందా? ఇదే అసలు చిక్కు. మీరు డబ్బులిచ్చి వేయించుకున్న లోగో మీది అనుకుంటారు. జీతానికి పనిచేసే ఆర్టిస్టు వేస్తే యజమానిది. బయట డిజైనర్ చేత వేయిస్తే, రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే మీకు గట్టిగా వస్తుంది, బిల్లు కట్టిన రశీదు ఒక్కటే చాలదు. డిజైన్ చేసేవాణ్ణే నేను, నా మీదే నేను చెప్తున్నాను, సంతకం తీసుకోండి. ఆ కాగితంలో ఎన్నేళ్ళు అని రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్ళే అనుకుంటుంది, ఏ ప్రాంతం అని రాయకపోతే ఇండియా వరకే అనుకుంటుంది. కాబట్టి కాపీరైట్ ఉన్నంత కాలానికి, ప్రపంచమంతటికీ అని స్పష్టంగా రాయించండి. ఏడాదిలోపు వాడకపోయినా హక్కు పోదు అని ఇంకో వాక్యం కూడా. ఇంతే, ఒక పేజీ.

ఫోటోలకి మాత్రం లెక్క తిరగబడుతుంది. డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోకీ, వీడియోకీ మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్ళే, వేరే ఒప్పందం లేకపోతే. అంటే పెళ్ళి ఆల్బమ్ పెళ్ళివారిది. నెల్లూరులో, ఒంగోలులో స్టూడియోలు పెళ్ళికూతురి ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి వ్యాపారం పెంచుకుంటున్నాయి కదా, ఆ హక్కు కావాలంటే అడ్వాన్సు తీసుకునే రోజే ఒప్పంద కాగితంలో ఒక వాక్యం రాసుకోవాలి. నోటిమాటగా "పెట్టుకుంటాం సార్" అంటే సరిపోదు.

వంటల చానెళ్ళవాళ్ళు అడిగే ప్రశ్న, మా రెసిపీ కాపీ కొట్టారు, ఏం చేయాలి? మీ వీడియో, మీ ఫోటో, మీరు రాసిన వాక్యాలు ఎత్తుకుంటే కాపీరైట్ తప్పు. మీరు చెప్పినట్టే పచ్చిమామిడి వేసి చేపల పులుసు వండి తన వీడియో తను తీసుకుంటే తప్పేం లేదు, వండే పద్ధతికి కాపీరైట్ లేదు. ప్రైవేటు పాటలు రాసేవాళ్ళకి ఒక్క మాట: 2012లో చట్టం మార్చాక, పాట రాసినవాళ్ళకీ బాణీ కట్టినవాళ్ళకీ రాయల్టీలో వాటా అడిగే హక్కు చట్టమే కట్టబెట్టింది, దాన్ని మీరు ఒప్పందంలో వదులుకుంటున్నట్టు రాసినా చెల్లదు. మ్యూజిక్ కంపెనీ ఇచ్చిన కాగితం మీద కళ్ళు మూసుకుని సంతకం పెట్టకముందు ఇది గుర్తుంచుకోండి.

వస్తువు రూపం

చీర మీద కొత్త బుటా, నగకి కొత్త మోడలు, నీళ్ళ సీసాకి కొత్త ఆకారం, ఇవి డిజైన్ రిజిస్ట్రేషన్‌లోకి వస్తాయి. చిన్నవాళ్ళకి ఫీజు 1,000, మొదట 10 ఏళ్ళు, ఇంకో 5 పొడిగించుకోవచ్చు, ఆ తర్వాత అందరిదీ. షరతు ఒక్కటే, చాలా కఠినమైనది: దరఖాస్తు వేసేదాకా ఆ రూపం బయట ఎక్కడా కనిపించి ఉండకూడదు. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టినా, ఎగ్జిబిషన్‌లో వేలాడదీసినా కొత్తదనం పోయింది అనే ప్రమాదం ఉంది. "బొమ్మ నేనే గీశాను కదా, కాపీరైట్ ఉంటుంది" అంటే, డిజైన్ చట్టం కింద రిజిస్టర్ చేయదగిన బొమ్మని చేయించకుండా మరమగ్గాల మీదో ప్రింటింగ్‌లోనో 50 సార్లకి మించి అచ్చు దించితే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. చీరల ప్రింటింగ్‌వాళ్ళు ఇది తెలుసుకోవాలి. మన చిన్నబజారు నగలవాళ్ళ సంగతి వేరే, పండగ పండగకీ మోడళ్ళు మారిపోతాయి, ప్రతిదానికీ రిజిస్ట్రేషన్ దండగ. ఏళ్ళ తరబడి ఆడే ఒకటో రెండో మోడళ్ళుంటే వాటికే చేయించండి.

పేటెంట్

రొయ్యల చెరువులవాళ్ళలో తెలివైనవాళ్ళు చాలామంది ఉన్నారు. చెరువు నీటికి గాలి పట్టించే, కరెంటు తక్కువ తాగే ఏరేటరనీ, మేత దానంతటదే చల్లే యంత్రమనీ షెడ్లలో ఏదో ఒకటి తయారుచేస్తూనే ఉంటారు. పేటెంట్ నిజంగా ఆలోచించాల్సింది వాళ్ళు. వ్యక్తులకీ స్టార్టప్‌లకీ చిన్న సంస్థలకీ దరఖాస్తు ఫీజు 1,600, పరిశీలించమని అడగడానికి ఇంకో 4,000. ఈ అంకెలు చూసి చవక అనుకోవద్దు, స్పెసిఫికేషన్ (కనిపెట్టినదాని పూర్తి వివరణ) సరిగ్గా రాయించడానికి పేటెంట్ ఏజెంటుకి ఇచ్చేది దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది, ఆ తర్వాత మూడో ఏడాది నుంచి ఏటా రెన్యువల్ ఫీజు. వచ్చేది దరఖాస్తు రోజు నుంచి 20 ఏళ్ళు, పొడిగింపు లేదు, పైగా అది ఎట్లా పనిచేస్తుందో మొత్తం లోకానికి విప్పి చెప్పాలి.

పనితనం ఇంకా పూర్తిగా తేలకపోతే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసి తేదీ పట్టుకోండి, 12 నెలల్లో పూర్తిది వేయాలి. వేయకముందు మాత్రం యూట్యూబ్‌లో "మన రైతు అద్భుత ఆవిష్కరణ" అని విలేకరి చేత వీడియో తీయించుకోకండి. ఆ వీడియోనే మీ పేటెంట్‌కి అడ్డం వస్తుంది. ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకి కొంత మినహాయింపు ఉంది గానీ, ఊళ్ళో జరిగే ప్రతి మేళాకీ అది వర్తించదు.

ఎవరికి వద్దు? పచ్చడికి వద్దు. దినుసులు కలిపినంత మాత్రాన పేటెంట్ రాదు, పాతకాలం నుంచి తెలిసిన విద్యకి రాదు, వ్యవసాయ పద్ధతికి రాదు, కేవలం కంప్యూటర్ ప్రోగ్రాముకి రాదు. యాప్ రాసిన కుర్రాళ్ళకి కోడ్ మీద కాపీరైట్, పేరు మీద ట్రేడ్‌మార్క్, చాలావరకు అంతే. పేటెంట్ ఇప్పిస్తామని పచ్చళ్ళ వ్యాపారుల దగ్గర డబ్బు తీసుకునే మధ్యవర్తులున్నారు, జాగ్రత్త.

మాస్టరు వెళ్ళిపోతే

స్వీట్ల అంగళ్ళకీ బిర్యానీ హోటళ్ళకీ ఉన్న అసలు టెన్షన్ ఇది. మాస్టరు పక్క సెంటర్లో కొత్త కొట్టుకి పోతాడు, రుచి కూడా వాడితో పోతుంది. మన దేశంలో వ్యాపార రహస్యాలకి ప్రత్యేక చట్టం ఇంకా లేదు, ఒప్పందాల మీదే ఆధారపడాలి. "మా దగ్గర మానేశాక మూడేళ్ళు ఇంకెక్కడా పనిచేయకూడదు" అని స్టాంపు పేపరు మీద రాయించుకుంటారు, అది చెల్లదు. 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ మనిషి పొట్టకూటిని అడ్డుకునే ఒప్పందాన్ని ఒప్పుకోదు. న్యాయంగా కూడా నాకది సబబే అనిపిస్తుంది. "మా కొలతలు, మా సరఫరాదారుల వివరాలు బయట చెప్పకూడదు" అనే ఒప్పందం మాత్రం రాసుకోవచ్చు. కానీ రుజువు చేయడం కష్టం, కాబట్టి కాగితం కన్నా పద్ధతి ముఖ్యం. మసాలా మిశ్రమం ఇంట్లో ఆడవాళ్ళు కలిపి పొడి రూపంలో వంటింటికి పంపే అంగళ్ళున్నాయి, పాకం పట్టేవాడికి ఒకటి, పిండి కలిపేవాడికి ఒకటి తెలిసేలా పని విడగొట్టినవాళ్ళున్నారు. అవి ఏ లాయరు నోటీసు కన్నా బాగా పనిచేస్తాయి. ఇంకో సంగతి, రుచి పోయినా పేరు మీదైతే గిరాకీ కొంతైనా నిలుస్తుంది, ఇది మళ్ళీ ట్రేడ్‌మార్క్ దగ్గరికే వస్తుంది.

ఊరి పేరు

జీఐ అనేది ఒక్కరి ఆస్తి కాదు, ఆ ప్రాంతంలో ఆ పని చేసే అందరిదీ. దాన్ని అమ్మడానికీ వీల్లేదు, లైసెన్సుకి ఇవ్వడానికీ వీల్లేదు. మన వైపు ఉదయగిరి చెక్క గరిటెలకి జీఐ ఉంది, వెంకటగిరి చీరలకి ఉంది (2022 విభజనలో వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయింది, నెల్లూరోళ్ళం ఇంకా మనదే అనుకుంటాం). ఒంగోలు జాతి పశువులు ఈ తీరం నుంచి బ్రెజిల్ పోయి అక్కడ "నెలోరె" జాతి అయ్యాయి, ఆ రోజుల్లో ఇట్లాంటి చట్టాలు ఎవరికీ తెలియవు.

ఉదయగిరిలో గరిటెలు చేసేవాళ్ళు, వెంకటగిరిలో నేసేవాళ్ళు కొత్తగా జీఐ కోసం పరిగెత్తక్కర్లేదు, ఉన్నదానికే ఆథరైజ్డ్ యూజర్‌గా (దాన్ని వాడుకునే హక్కున్నవాళ్ళుగా) పేరు ఎక్కించుకోవాలి. ఆ ఫీజు 2020లో 500 నుంచి 10 రూపాయలకి తగ్గించారు. పది రూపాయలు! ఫీజు గురించి కాదు, దాని వెనక కాగితాలకి భయపడి ఆగిపోతారు, సొసైటీ ద్వారా అందరూ కలిసి వేస్తే తేలిక. అప్పుడే జీఐ ముద్ర మీ సరుకు మీద వేసుకునే హక్కు. దాంతోపాటు మీ సొంత పేరు ఒకటి ట్రేడ్‌మార్క్ చేయించుకుంటే, ఊరి పేరు సరుకు అసలైనదని చెప్తుంది, మీ పేరు అది మీ మగ్గానిదని చెప్తుంది. రెండూ కలిపి వాడినవాళ్ళే ఆన్‌లైన్ అమ్మకాల్లో ముందుంటారని నా నమ్మకం.

ఇప్పుడు ఎవరికి ఏది

ఇంట్లో పచ్చళ్ళు పెట్టి వాట్సాప్‌లో అమ్మే అక్కకి: పేరు వెతికి, క్లాస్ 29లో పదం ఒక్కటి, 4,500, అంతే. లేబుల్ వేసినవాడి సంతకం. ఆన్‌లైన్ మార్కెట్లలో బ్రాండుగా నమోదు కావాలన్నా ముందు అడిగేది ట్రేడ్‌మార్క్ నంబరే.

రైసు మిల్లుకి పదంతోపాటు బస్తా మీది బొమ్మ కూడా వేయించండి. ఎందుకంటే నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం కొనేవాడు చాలాసార్లు పేరు చదవడు, బొమ్మ చూసి కొంటాడు. బస్తాలని అచ్చం అట్లాగే దించేవాళ్ళు ఆ బొమ్మనే దించుతారు.

హోటల్‌కి 43, పక్కన డబ్బా సరుకు ఉంటే ఆ క్లాసు కూడా. ఫోటోగ్రాఫరుకీ రచయితకీ ఒప్పంద పత్రమే పెద్ద ఆయుధం, రిజిస్ట్రేషన్ తర్వాత. యంత్రం చేసినవాడికి మాత్రం వరస మారుతుంది, నోరు మూసుకుని ముందు ప్రొవిజనల్ పేటెంట్, రూపం కూడా కొత్తదైతే డిజైన్, సరుకు బజారులోకి వచ్చే ముందు పేరు.

ఉద్యం ఉన్నవాళ్ళకి కేంద్రం ఎంఎస్ఎంఈ ఇన్నోవేటివ్ పథకంలో రిజిస్ట్రేషన్ వచ్చాక ఖర్చు తిరిగి ఇచ్చే ఏర్పాటు పెట్టారు, ట్రేడ్‌మార్క్‌కి 10,000 దాకా, డిజైన్‌కి 15,000 దాకా, మన దేశపు పేటెంట్‌కి లక్ష దాకా. దరఖాస్తుకి ముందే జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి. గుర్తింపు పొందిన స్టార్టప్‌లకైతే దరఖాస్తు వేసిపెట్టే ఫెసిలిటేటర్ల ఫీజు ప్రభుత్వమే భరించే పథకం వేరే ఉంది.

మీరే వేసుకోవాలా, ఏజెంటుకి ఇవ్వాలా? పదం మార్కు, ఒక క్లాసు, కొత్త పేరు, ఇంతే అయితే కంప్యూటర్ తెలిసిన పిల్లలు ఇంట్లో ఉంటే మీరే వేసుకోవచ్చు, డిజిటల్ సంతకం ఉండాలి. అభ్యంతరం వస్తే అప్పుడు లాయరు దగ్గరికి పోండి. "ఫలానా సంవత్సరం నుంచి వాడుతున్నాం" అని రాసేటట్టయితే అఫిడవిట్, దాంతో పాత బిల్లులు జతచేయాలి, అక్కడ ఊహించి తేదీ వేయకండి, రేపు ఎవరైనా అడ్డు చెప్తే (అపోజిషన్) ఆ తేదీ మీదే పట్టుకుంటారు. దరఖాస్తు వేశాక మీ వివరాలు అందరికీ కనపడతాయి కాబట్టి ఎవరెవరో ఫోన్లు చేసి ఇంకో ఫీజు కట్టాలంటారు, స్టేటస్ వెబ్‌సైట్లో మీరే చూసుకోండి. రిజిస్టర్ అయ్యాక వాడకుండా మూలన పెట్టినా ప్రమాదమే, 5 ఏళ్ళకి పైగా వాడని మార్కుని తీసేయమని ఎవరైనా అడగొచ్చు.

కాపీ దొరికిందనుకోండి. వెంటనే ఫేస్‌బుక్‌లో తిట్టకండి. ఆ సరుకు బిల్లుతో కొనండి, ఫోటోలు తీయండి, వాడి డబ్బా మీద తయారీ తేదీ కనపడేలా. అప్పుడు లాయరు నోటీసు. మీకు ఏ హక్కూ లేకుండా బెదిరింపు నోటీసులు పంపితే ఎదుటివాడే మీ మీద దావా వేసే వీలు చట్టంలో ఉంది, అందుకే ముందు మీ కాగితాలు చూసుకోండి. మొదటి ప్రింటింగ్ బిల్లు, మొదటి జీఎస్టీ ఇన్‌వాయిస్, పాత బోర్డు ఫోటో, అంగడి ప్రారంభోత్సవ ఆహ్వాన పత్రిక, పేపరులో వేసిన సంక్రాంతి ప్రకటన, ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టండి, స్కాన్ చేసి మెయిల్లో కూడా దాచుకోండి. మా షాపుకి పదేళ్ళ కిందటి లేబుల్ బిల్లు కాపీ అడగడానికి వస్తారు, మేం అన్నేళ్ళు దాచం, ఏ ప్రెస్సూ దాచదు.